మూతలేని బావి



ఈ పత్రికలో సినిమాను గూర్చిన వ్యాసమేమిటని కొందరు పెద్దలు అడుగుదురు. సినిమా వేషములును సినిమా మాటలును తమ పిల్లలను ఏలుచున్నవని విచారపడు తలిదండ్రులకు ఆ ప్రశ్న సహజమే. అయితే నేడు ప్రతి చేతిలోని ఫోనులోనికి సినిమా వచ్చి కూర్చున్నది. చూడవద్దని చెప్పుట సులభము. చూచినదానిని ఎట్లు తూచవలెనో నేర్పుట కష్టము. ఆ కష్టమైన పని కొంత చేయుదమని ఈ మాసము ఒక పాత సినిమాను మీ ముందు పెట్టుచున్నాను. దాని పేరు 'ది వెల్', అనగా బావి. 1951లో అమెరికా దేశమందు తీసిరి. నిడివి గంటన్నరకు కొంచెము తక్కువ. నలుపు తెలుపు బొమ్మ. ఒక చిన్న ఊరిలో ఒక చిన్నపిల్ల కనబడకుండ పోవుటయు, దానివలన ఆ ఊరు రెండుగా చీలి కొట్టుకొనుటకు సిద్ధపడుటయు దాని కథ.

అది మనకు దూరపు సంగతియని తలంచకుడి. మన పెద్ద కొడప్‌గల్ బాన్సువాడ రెవెన్యూ డివిజనులోని మండల కేంద్రము. ఇటు పోయిన మహారాష్ట్ర, అటు పోయిన కర్ణాటక. సంతకు వచ్చినవారి నోట తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ, లంబాడీ మాటలు వినబడును. ఎవరు మనవారో, ఎవరు క్రొత్తవారో సులభముగా చెప్పలేని సరిహద్దు సీమ మనది. 2018వ సంవత్సరము జూలై నెలలో మన కామారెడ్డి జిల్లా సరిహద్దు ఆవల, బీదరు జిల్లాలో, ఈ సినిమాలోని మొదటి సగము వంటిదే జరిగినది; రెండవ సగము జరుగలేదు. ఆ సంగతి పిమ్మట చెప్పెదను. ముందు సినిమా.

ఈ తరగతి సినిమాలను 'ఫిల్మ్ నువార్' అను ఫ్రెంచి పేరుతో పిలుతురు. నల్ల సినిమా అని దాని అర్థము. 1940లలోను 1950లలోను అమెరికాలో ఇట్టివి అనేకము వచ్చెను. చీకటి వీధులు, గోడలమీద నీడలు, ఎవరిని నమ్మవలెనో తెలియని మనుష్యులు, ఇవి వాటి గురుతులు. వాటిలో చాలవాటిని తక్కువ డబ్బుతో, పెద్ద తారలు లేకుండ తీసిరి. ఈ సినిమాకు లియో పాప్కిన్, రస్సెల్ రౌస్ అను ఇద్దరు దర్శకులు. కథ వ్రాసినవారు రౌస్, క్లారెన్స్ గ్రీన్. సంగీతము డిమిత్రి త్యోమ్‌కిన్‌ది. ఖర్చు తక్కువైనను, ఆ యేటి ఆస్కారు బహుమానములకు రచనలో ఒకసారి, కూర్పులో ఒకసారి పోటీకి ఎంపికయ్యెను. ఇట్టి సినిమాలలో సాధారణముగా ఒక హత్యయో దొంగతనమో ఉండును. ఇందులో అట్టి నేరమేదియు మొదట జరుగలేదు. జరుగని నేరముచుట్టు ఊరంతయు తిరుగును. అది దీని ప్రత్యేకత.

కెరొలిన్ అను అయిదేండ్ల నల్లజాతి బాలిక ఉదయమున బడికి బయలుదేరును. దారిలో గడ్డి బలిసిన బయలు. పూలు ఏరుచు పోవు పిల్ల గడ్డిలో మరుగైన పాడుబావిలో పడిపోవును. ఇది సినిమా మొదటనే మనకు తెలియును, ఊరివారికి తెలియదు. దర్శకులు చేసిన తెలివైన పని ఇదే. ఈ సంగతిని దాచి చివర చెప్పినయెడల, మనమును ఊరివారితోకూడ 'ఎవరు ఎత్తుకొనిపోయిరో' అని ఊహించుచు కూర్చుందుము. ముందే తెలియుటవలన, అనుమానపు మాట పుట్టినప్పుడెల్ల అది తప్పని ఎరిగియుండి, అది పెరుగుటను చూడవలసివచ్చును. లేచి 'అయ్యా, పిల్ల బావిలో ఉన్నది, అక్కడ వెదకుడి' అని కేకవేయవలెనని తోచును. ఆ కేక వేయలేకపోవుటయే చూచువాని బాధ.

తల్లిదండ్రులు షెరీఫు వద్దకు పోవుదురు. షెరీఫు అనగా అక్కడి పోలీసు అధికారి. అతడు చెడ్డవాడు కాడు. ఫిర్యాదు వినును, మనుష్యులను పంపును, విచారించును. విచారణలో ఒక సంగతి బయటపడును: ఊరికి క్రొత్తయైన ఒక తెల్లమనిషి ఆ ఉదయము పిల్లకు పూలు కొనియిచ్చెను. అతని పేరు క్లాడ్ ప్యాకార్డ్. గనులలో పని తెలిసినవాడు. దారిన పోవుచు ఆ ఊరిలో ఆగినవాడు. అతనిని పట్టి తెచ్చిరి. పూలు కొనియిచ్చిన మాట నిజమే, అంతకుమించి నేనేమియు ఎరుగనని అతడు చెప్పును. అతడు చెప్పినదంతయు సత్యము. అయినను అతడు మాటలాడినకొలది ఉచ్చు బిగియుచుండును. పరాయి పిల్లకు పూలు ఎందుకు కొనియిచ్చితివి అని అడిగినప్పుడు, ముచ్చటపడి కొనియిచ్చితిననుటకు ఏ మనుష్యుడు సాక్షిని చూపగలడు? మంచితనమునకు రసీదు ఉండదు.

క్లాడ్ ఆ ఊరిలో ధనవంతుడును పలుకుబడిగలవాడును అయిన సామ్ ప్యాకార్డ్ అను కట్టడపు కంట్రాక్టరుకు దగ్గర బంధువు. ఈ బంధుత్వము తెలిసిన క్షణమునుండి కథ మారిపోవును. నల్లజాతివారు ఏమనుకొందురో మీరే ఊహింపుడి: తెల్లవాడు, అందులో ప్యాకార్డువారి మనిషి, మన పిల్ల విషయమై వానిని శిక్షింతురా? విడిచిపెట్టుదురు. విడిచిపెట్టుదురను భయము కొంచెము సేపటికి విడిచిపెట్టిరను వార్త అగును. పిల్ల బంధువులు సామ్‌ను నిలదీయగా అతడు క్రిందపడును. ఇక తెల్లవారి వాడలో వేరొక వార్త: ప్యాకార్డును నల్లవారు కొట్టిరి. అక్కడనుండి దెబ్బలాటలు, గుంపులు, ఆయుధములు. సాయుధ దళములను పంపుమని పైవారిని అడుగవలసిన స్థితికి ఊరు వచ్చును.

సినిమాకు ప్రాణము ఈ భాగమందే ఉన్నది. ఒకడు ఇంకొకనితో చెప్పును, వాడు మరియొకనితో. ప్రతి సంభాషణ కొన్ని క్షణములే. బొమ్మ వెంటనే వేరొక వీధికి దూకును. మాట పరుగెత్తు వేగమునే కూర్పులో చూపిరి. అయితే చూడవలసిన సంగతి ఇది: మొదట చెప్పినవానికి అబద్ధమాడవలెనను తలంపు లేదు. ప్రతివాడు తాను విన్నదానికి తన భయమంత చేర్చి ముందుకు పంపును. మన ఊరి మాటలలో చెప్పవలెనన్న ఇట్లుండును:

"పోరి కనవడ్తలేదట."

"ఎవడో కొత్తోడు పూలు కొనిచ్చిండట."

"కొత్తోడేంది, షావుకారు చుట్టమట."

"అట్లయితే ఇడిచిపెడ్తరు."

"పెడ్తరేంది, ఇడిచిపెట్టిండ్రట!"

అయిదు మాటలలో పని ముగిసెను. మొదటి మూడును నిజములే. నాలుగవది ఊహ. అయిదవది అబద్ధము. కాని అయిదవది చెప్పినవాడు తాను అబద్ధమాడితినని అనుకొనడు. నాలుగవ వానిమీద ఆధారపడితినని అనుకొనును. చదువరులారా, మన భాషలో 'అట' అని రెండక్షరముల మాట కలదు. 'చేసిండు' అన్న నేను సాక్షిని. 'చేసిండట' అన్న నాకు బాధ్యత లేదు. ఇది మంచి మాటయే. చూచినదానికిని విన్నదానికిని భేదము చూపుటకు మన పెద్దలు ఇచ్చిన మాట. అయితే చెడ్డ గడియలో ఇదే మాట చాటున దాగుకొని ఊరంతయు ఒక మనుష్యుని చంపగలదు. ఎవరు చూచిరని పిమ్మట పోలీసు అడిగిన, చూచినవాడొక్కడును ఉండడు.

ఇప్పుడు బీదరు జిల్లా సంగతి. 2018 జూలై 13న నలుగురు స్నేహితులు కారులో అక్కడి ఒక గ్రామమునకు వచ్చిరి. వారిలో హైదరాబాదు యువకులుండిరి; ఒకడు కతరు దేశస్థుడు. దారిలో బడిపిల్లలు కనబడగా తమయొద్దనున్న చాక్లెట్లు పంచిరి. అంతే. సినిమాలో పూలు, ఇక్కడ చాక్లెట్లు. పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వార్తలు ఆ నెలలలో ఫోన్లలో నిండియుండెను గనుక, చాక్లెట్లు చూచినవారికి అనుమానము తోచెను. నిలదీసిరి. వారు బెదరి కారెక్కి పోయిరి. పారిపోవుటయే నేరమునకు రుజువుగా కనబడెను. కారుకంటె ముందుగా వాట్సాప్ సందేశము ముర్కి అను గ్రామమునకు చేరెను. అక్కడ జనులు దారి కాచిరి. కారు తిరుగబడెను. గుంపు మీదపడెను. పోలీసులు దెబ్బలు తినుచునే ముగ్గురిని బ్రదికించిరి. హైదరాబాదు యువకుడొకడు చనిపోయెను. ముప్పదిమందికి పైగా అరెస్టయిరి. సందేశము పంపిన గుంపును నడుపువాడును వారిలో ఉండెను.

ఆ దినమున ఆ ప్రాంతమందు ఏ పిల్లయు పోలేదు. సినిమాలో కనీసము ఒక పిల్ల నిజముగా కనబడకుండెను, ఒక తల్లి నిజముగా ఏడ్చుచుండెను. ముర్కిలో అదియు లేదు. అందువలననే ఈ సినిమాను పాతదని ప్రక్కన పెట్టలేకపోవుచున్నాను. 1951లో మాట వీధినుండి వీధికి పోవుటకు కాళ్లు కావలెను. ఆ మధ్యలో ఎవడైనను ఒక తెలివిగలవాడు 'నీకెవరు చెప్పిరి?' అని అడుగుటకు కొంత వ్యవధి ఉండెను. ఇప్పుడు ఆ వ్యవధి పోయినది.

అదే సంవత్సరము మే నెలలో మన తెలంగాణలోనే ఈ వదంతులు ప్రాణములు తీసెను. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ మండలములో, యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలములో, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో అనుమానముతోనే మనుష్యులను కొట్టి చంపిరి. అట్టి ముఠాలు లేవని రాష్ట్ర పోలీసు పెద్దలు మరల మరల ప్రకటింపవలసివచ్చెను. ముర్కి సంగతి జరిగిన కొన్ని దినములకే, ఒక సందేశమును మన దేశములో అయిదు చోట్లకంటె ఎక్కువకు ఒక్కసారి పంపకుండ వాట్సాప్ సంస్థ కట్టుబాటు చేసెను. అది మంచి కట్టుబాటే. కాని అయిదుగురు మరి అయిదుగురికి చెప్పిన ఇరువదియైదు. వారు మరల చెప్పిన నూట ఇరువదియైదు. ఒక ఊరికి అది చాలును.

అదే కాలమందు వేరొక విధముగా నడచిన చోటును కలదు. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు అప్పుడు ఎస్పీగా రమా రాజేశ్వరి ఉండిరి. ఎండకాలములో ఆరుబయట పండుకొను పల్లెవారు చీకటిపడకముందే తలుపులు మూసుకొనుచున్నారని పోలీసుల ద్వారా ఆమెకు తెలిసెను. కారణము విచారింపగా ఈ సందేశములు బయటపడెను. ఆమె ఊరూరికి ఒక పోలీసును నియమించి, డప్పులతో, జానపదుల పాటలతో, చాటింపులతో దాదాపు 400 గ్రామములలో వదంతిని ఎదిరించిరి. అక్కడ ప్రాణనష్టము జరుగలేదు. ఆమె చేసిన పనిలో గొప్ప యంత్రమేదియు లేదు. జనులు ఫోనును నమ్మినంతగా నమ్మదగిన ఒక ఎరిగిన ముఖమును ప్రతి ఊరిలో నిలిపిరి. సినిమాలోని షెరీఫునకు లోపించినది ఇదే. అతడు న్యాయముగా విచారించుచునే ఉండెను. కాని ఆ విచారణ గది లోపలనే ఉండెను, బయట వీధిని వదంతికి విడిచెను.

మరల కథకు వచ్చెదము. ఊరు కాలిపోవునను సమయమున ఒక బాలుడును వాని కుక్కయు ఆ బయలులో తిరుగుచు బావిని కనుగొందురు. పిల్ల లోపల ప్రాణముతో ఉన్నది. ఈ మాట కూడ వదంతి వలెనే ఊరంతయు పరుగెత్తును. కొట్టుటకు కూడినవారే త్రవ్వుటకు వత్తురు. సామ్ ప్యాకార్డ్ తన యంత్రములను తెచ్చును. బావి ఇరుకు, అందులోనికి దిగరాదు, ప్రక్కన వేరొక గొయ్యి త్రవ్వి అడ్డముగా చేరవలెను. ఆ పని తెలిసినవాడు ఎవడు? చెరలో ఉంచబడిన క్లాడ్. విడుదలపొంది ఆ ఊరినుండి పోదలచినవాడు నిలిచి, ఆ గోతిలోనికి దిగును. రాత్రి, దీపముల వెలుగు, యంత్రముల మోత, గట్టున నిలిచిన తల్లి. ఈ భాగములో మాటలు చాల తక్కువ. మాటలచేత చెడిన ఊరు చేతులచేత బాగుపడునని వేరుగా చెప్పకుండనే చూపిరి. చివర పిల్ల ప్రాణముతో బయటికి వచ్చును.

ఇంతవరకు మెచ్చుకొంటిని. ఇక ఈ సినిమాలో నాకు తృప్తి కలిగింపనివి చెప్పెదను. ఎందుకనగా మంచి సినిమాలోని లోపము చెడ్డ సినిమాలోని లోపముకంటె ఎక్కువగా మనలను మోసగింపగలదు.

మొదటిది. రెండు వాడల అనుమానములను ఈ సినిమా ఒకే త్రాసులో ఒకే బరువుగా తూచినట్లు కనబడును: వారును తప్పు, వీరును తప్పు. అయితే నల్లజాతివారి అనుమానము గాలిలోనుండి పుట్టలేదు. ఆ కాలమందు ఆ దేశములో అనేక రాష్ట్రములలో వారికి వేరు బడి, వేరు కుర్చీ, వేరు నీళ్ల కుళాయి ఉండెను. న్యాయస్థానములలో వారి పిల్లల ప్రాణమునకు తెల్లవారి పిల్లల ప్రాణమంత విలువ దొరకలేదు. ఊరి బయటి వాడలో పెరిగిన మనలో అనేకులకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. ఠాణా మెట్లెక్కి నిలువబడి తిరిగివచ్చినవాని కుమారుడు ఠాణాను సులభముగా నమ్మడు. అనుమానము రెండు వైపులను పాపమే కావచ్చును. కాని ఒక వైపున అది గాయమునుండి పుట్టినది, వేరొక వైపున గర్వమునుండి పుట్టినది. సినిమా ఆ భేదమును ఎరుగును, తండ్రి ముఖములో కొంత చూపును, పిమ్మట తొందరపడి దాటిపోవును.

రెండవది ముఖ్యమైనది. క్లాడ్ ఊరివారి దృష్టిలో ఎట్లు శుద్ధుడయ్యెను? గొయ్యి త్రవ్వి. కథకు అది చక్కగా సరిపోయెను. పట్టుకొనినవానినే రక్షకునిగా చేయుట చూచువారికి సంతోషము కలిగించును. కాని ఆలోచింపుడి: అతడు గని పనివాడు కాక ఒక బట్టల వ్యాపారియో, కుంటివాడో, మతి స్థిరములేనివాడో అయియుండినయెడల? అప్పుడును అతడు నిర్దోషియే గదా. నిర్దోషి మనకు ఉపయోగపడి తన నిర్దోషత్వమును సంపాదించుకొననక్కరలేదు. మన ఊళ్లకు వచ్చు బుడబుక్కలవాడు, గంగిరెద్దులవాడు, పాత సామాను కొనువాడు, భాష తెలియని కూలివాడు, ఎవరి పిల్లను బావిలోనుండి తీయలేదు గనుక అనుమానింపదగినవారా? చేతబడి చేసెనని వేలుపెట్టి చూపబడు ముసలి విధవరాలు ఏ గొయ్యి త్రవ్వి తన్ను రక్షించుకొనగలదు? ముర్కిలో చనిపోయిన యువకుడు తన మంచితనమును చూపుటకు పంచిన చాక్లెట్లే అతని మెడకు చుట్టుకొనెను.

ఈ సినిమా చివర పిల్ల బ్రదికెనను సంతోషములో ఒక పని మరువబడెను. క్లాడ్ యొద్దకు వచ్చి 'అయ్యా, నీ విషయమై తప్పుగా మాటలాడితిమి' అని ఊరు చెప్పదు. అందరును కలిసి పనిచేసిరి, అందరును కలిసి సంతోషించిరి, సంగతి సమసిపోయెను. మన ఊళ్లలోను ఇదే వాడుక. అనుమానింపబడినవాడు నిర్దోషియని తేలిన పిమ్మట ఎవరును వాని గడపకు పోరు. ఎదురుపడిన నవ్వి పలుకరించి, అదే క్షమాపణయని అనుకొందురు. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనుకకు తీసుకొనవలెను. అది లేక కూడిన కూడిక గట్టిది కాదు. మరియొక పిల్ల కనబడనినాడు విడిపోవును.

మూడవది. ఆ బావిని మూతలేకుండ విడిచినది ఎవరు? ఎవరి పొలము అది? సినిమా అంతయు బావిచుట్టు తిరిగినను ఈ ప్రశ్నకు అందులో చోటు దొరకదు. ఎత్తుకొనిపోయినవాని కొరకు ఊరంతయు వెదకెను. లేనివాడు గనుక దొరకలేదు. ఉన్నవాడొకడు కలడు, బావిని కప్పక విడిచినవాడు. వాని కొరకు ఎవరును వెదకరు. దురాశాపరుడైన ఒక క్రొత్తవానిని ఊహించుకొనుట మనకు సులభము. మన పొరుగువాడే, ఏ దురుద్దేశమును లేక, సోమరితనముచేత ఒక పిల్ల చావుకు కారణము కావచ్చునని ఒప్పుకొనుట కష్టము.

ఇది కథకొరకు అల్లిన ఆపద కాదు. ఈ సినిమాకు రెండేండ్ల ముందు, 1949 ఏప్రిల్‌లో, కాలిఫోర్నియాలోని సాన్ మరీనో అను ఊరిలో మూడేండ్ల పాప విడిచిపెట్టిన బావిగొట్టములో పడిపోయెను. రెండు దినములు త్రవ్విరి. అప్పుడే క్రొత్తగా వచ్చిన టెలివిజను ఆ పనిని గంటల తరబడి చూపెను. పాప బ్రదుకలేదు. మన యొద్దకు వత్తము. 2017 జూన్‌లో చేవెళ్ల మండలములో ఏడాదిన్నర పాప బోరుబావిలో పడి చనిపోయెను. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలము పోడ్చన్‌పల్లిలో మూడేండ్ల బాలుడు నీరు పడని క్రొత్త బోరులో పడి చనిపోయెను. ఈ ఇద్దరి విషయములో ఎత్తుకొనిపోయిన క్రొత్తవాడెవడును లేడు. తెరచియున్న గొట్టమొక్కటే ఉండెను.

దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2010 ఫిబ్రవరిలోనే ఈ విషయమై ఆదేశములిచ్చియున్నది. బోరు వేయకముందు అధికారులకు తెలుపవలెను. వేయునప్పుడు చుట్టు ముళ్లకంచె వేయవలెను. గొట్టముచుట్టు సిమెంటు దిమ్మె కట్టి, ఇనుప మూత బిగింపవలెను. నీరు పడని బోరును మట్టితో, ఇసుకతో, రాళ్లతో నేలమట్టమువరకు పూడ్చవలెను. చదువరులారా, ఇది క్రొత్త ధర్మము కాదు. నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయములో, గొయ్యి తీసి కప్పక విడిచినవాడు అందులో ఎద్దో గాడిదయో పడిచచ్చిన నష్టపరిహారమియ్యవలెనని మోషే ధర్మము విధించుచున్నది. పశువు విషయమై అంత గట్టిగా చెప్పిన గ్రంథమును ప్రతి ఆదివారము చేతపట్టుకొను మనము, కేసింగు పైపుమీద ఒక సంచి కప్పి, దానిపై రాయి పెట్టి ఇంటికి వత్తుము. అదే గ్రంథము ఒక్క సాక్షి మాటమీద ఎవనిని దోషిగా ఎంచకూడదనియు చెప్పుచున్నది. కప్పవలసిన గొయ్యిని గూర్చియు, ఆపవలసిన నోటిని గూర్చియు ఒకే ధర్మశాస్త్రము పలికినది.

నాలుగవ లోపము ఒకటి చెప్పి ముగింతును. సినిమాలో పిల్ల బ్రదికెను. బ్రదికినందున ఊరు చల్లబడెను. సాన్ మరీనోలో వలె చనిపోయి దొరికియుండినయెడల ఏమగును? గట్టున నిలిచిన ఆ రెండు గుంపులు ఒకరి భుజముమీద ఒకరు తలవాల్చి ఏడ్చియుందురా, లేక మరల ఆయుధముల కొరకు పోయియుందురా? పిల్ల చావుకు క్లాడ్ కారణము కాడను సత్యము అప్పుడును సత్యమే. కాని దుఃఖములో ఉన్న గుంపు సత్యమును వినునా? రచయితలు ఆ పరీక్షను తప్పించుకొనిరి. జనులు సంతోషముతో ఇంటికి పోవలెనని కోరిరేమో. నేను వారిని గట్టిగా నిందింపను; ఆ తల్లి ముఖమును అంతసేపు చూచినవారెవరును ఆ పిల్లను చంపి చూపుమని అడుగరు. కాని మన ఊరిలో కథ వ్రాయువారు మనము కాము. చెడ్డ వార్త వచ్చిన దినమునను నిలుచునట్టి నెమ్మదిని ముందుగానే కూర్చుకొనవలెను.

ఈ లోపములున్నను ఈ సినిమాను చూడదగినదనియే చెప్పుచున్నాను. యౌవనస్థుల కూడికలలో దీనిని చూపవచ్చును. ఆంగ్ల సంభాషణలు గనుక తెలిసినవారొకరు ప్రక్కన నిలిచి చెప్పవలెను. రెండు జాతులు ఒకరినొకరు కొట్టుకొను దృశ్యములు కలవు గనుక మరీ చిన్నపిల్లలకు వద్దు. ఒక మాట: సగములో, ఆయుధములు చేతికి వచ్చినచోట, నిలుపుడి. దీపము వేసి అడుగుడి: "ఇంతవరకు విన్నవాటిలో కంటితో చూచిన సంగతులెన్ని?" వారు వ్రేళ్లమీద లెక్కింతురు. ఒక చేతి వ్రేళ్లు చాలును. ఆ లెక్క వారు తామే కట్టినయెడల, పది ప్రసంగములు చేయలేని పని అది చేయును.

స్త్రీల సమాజములోను ఈ కథ చెప్పుడి. బిడ్డ కనబడని గడియలో మొదట కలవరపడునది తల్లి. ఆమెచుట్టు చేరిన మనము ఏమి మాటలాడుదుమో దానిమీద ఆ సాయంకాలము ఆధారపడియుండును. ఆమెతో కూడ వెదకుటకు పోయిన మంచిది: గడ్డివామి వెనుక, వాగు ఒడ్డున, చెరువు కట్టమీద, చెరుకు తోటలో, పాడుబావులయొద్ద, బోరులయొద్ద. ఠాణాకు కబురు పంపిన మంచిది. ఎవడో క్రొత్తవాడు తిరుగుచుండెనని చెప్పవలసివచ్చిన, పోలీసుకు చెప్పుడి, చూచినంతమట్టుకే చెప్పుడి. గుంపులో చెప్పకుడి. ఫోనులో వచ్చిన మాటకు క్రింద ఊరి పేరు, తేదీ, చూచినవాని పేరు లేనియెడల దానిని అక్కడనే ఆపుడి. ఆపిన మాటవలన ఎవరికిని నష్టము రాదు. నిజమైన ఆపద అయినయెడల పోలీసువారే చాటింపు వేయుదురు.

సోయా, కంది కోతలైన పిమ్మట చేలు ఖాళీగా ఉండును. గడ్డిలో మరుగైనవి అప్పుడు కంటికి కనబడును. ప్రతి సంఘములోని యౌవనస్థులు ఒక శనివారము తమ ఊరి చేలు తిరిగి, మూతలేని బోరులును గట్టులేని బావులును ఎన్ని యున్నవో వ్రాసి, పొలము యజమానులకు చెప్పి, పంచాయతీ కార్యదర్శి చేతికి ఆ జాబితా ఇయ్యవలెనని నా మనవి. మూత చేయించుటకు స్తోమత లేని రైతునకు నాలుగు చేతులు కూడి సాయము చేయవచ్చును. ఆ పనికి అన్ని వాడలవారిని, అన్ని మతములవారిని పిలువుడి. ఏ పిల్లయు పడకముందే మనము ఆ గట్టున కలిసి నిలువగలము.